చీర కోసినప్పుడల్లా ఒక ప్యాకెట్టు

నేను పిరికివాణ్ణి. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుళువు. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేశాను. చివరి తొమ్మిదేళ్లు పెనుకొండలో. జనం మాత్రం ఆఖరుదాకా కాంపౌండరు సార్ అనే పిలిచారు. మా వృత్తిలో పిరికితనం చెడ్డగుణమేమీ కాదు. పిరికివాడు చీటీ రెండుసార్లు చదువుతాడు, మందు మూడుసార్లు చూసి ఇస్తాడు. నా చేతిమీదుగా ఎవరికీ కీడు జరగలేదని రిటైరయ్యే రోజున మైకు ముందు చెప్పుకోవాలని నాకొక కోరిక ఉండేది. సన్మానం జరిగింది, శాలువా కప్పారు, దండ వేశారు. ఆ ఒక్క ముక్క మాత్రం నా నోట రాలేదు. ఎందుకు రాలేదో, ఇప్పుడిప్పుడే మందుల కౌంటరు వెనక నిలబడుతున్న పిల్లల కోసం రాస్తున్నాను.

రిటైర్మెంటుకు ఏడాది ముందు ధర్మవరంలో నేతపనివాళ్ల కాలనీలో వైద్య శిబిరం పెట్టారు. పెనుకొండ నుంచి నన్నూ, మా ఆసుపత్రి సీనియర్ నర్సునూ డ్యూటీకి వేశారు. రక్తపరీక్షలు చేస్తే చాలామందికి విటమిన్ డి బాగా తక్కువని తేలింది. నాకు మొదట నవ్వొచ్చింది. మా సీమలో వానకు కరువు, నీళ్లకు కరువు గానీ ఎండకేం కరువు? ఇళ్లలోకి వెళ్లి చూశాక నవ్వు పోయింది. గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని తెల్లవారకముందే కూర్చున్న మనిషి పొద్దుగూకాక లేస్తాడు. పట్టుపోగు ఎండిపోతే తెగుతుందని కిటికీలు మూసే ఉంచుతారు. కొందరి కాళ్లు పాలిపోయి, ఒంగితే మళ్లీ లేవలేక, నడుము పట్టుకుని నిలబడేవాళ్లు.

మందు సులువైనదే. అరవై వేల యూనిట్ల పొడి ప్యాకెట్టు. వారానికి ఒక్కటంటే ఒక్కటి పాలల్లో కలుపుకుని తాగాలి. ఎనిమిది వారాలు తాగి ఆపేయాలి. ఆ తర్వాత మళ్లీ పరీక్ష. చిక్కల్లా వారంతోనే వచ్చింది. మగ్గమున్న ఇంట్లో ఆదివారమూ లేదు, సోమవారమూ లేదు. అమావాస్య ఒక్కటే సెలవు, మిగిలిన రోజులన్నీ ఒక్కటే రోజు. మొదటి విడత ప్యాకెట్లు ఇచ్చి పది రోజుల తర్వాత పోయి అడిగితే, కొందరు రెండు రోజుల్లోనే నాలుగు తాగేశారు, కొందరు దేవుడి గూట్లో పెట్టి మరిచిపోయారు.

ఆ రోజు నా బల్ల ముందుకు ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చి బెంగళూరులో స్టెంటు వేయించుకున్నాడు. ఆయన తమ్ముడు మగ్గం మీదనే ఒరిగిపోయి చనిపోయాడట. అందుకని ఆయనకు ఒంట్లో గుండె తప్ప వేరే అవయవం లేదు. ఏ మందిచ్చినా అదే ప్రశ్న.

"ఇది గుండెకు గూడా మంచిదేనా సార్?"

"గుండెకూ మంచిదేలేప్పా, తాగు," అన్నాను.

పిల్లలూ, నా మొదటి తప్పు ఇది. విటమిన్ డి తక్కువున్నవాళ్లలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపిస్తాయన్నది ఒక మాట. అది తాగితే గుండె గట్టిపడుతుందన్నది ఇంకో మాట. మొదటిది నేను ఎక్కడో చదివాను. రెండోది ఎవరూ గట్టిగా తేల్చి చెప్పింది కాదు, నా నోరే కల్పించింది. క్యూ పొడుగ్గా ఉంది, ఎండ మండుతోంది, ముసలాయన ధైర్యంగా ఇంటికి పోతాడని అనేశాను.

రెండో తప్పు ఆ వెంటనే చేశాను. "నీకు చీర ఎన్ని దినాలకు దిగుతాదప్పా?" అని అడిగాను.

"పెండ్లిచీరలు గదా సార్. వారం, ఎనిమిది దినాలు పడతాది."

"అయితే దినాలు లెక్క పెట్టుకోవద్దు. చీర అయిపోయి మగ్గం మీంచి కోసినప్పుడు ఒక ప్యాకెట్టు తాగు. మళ్లీ చీర కోసేదాకా ముట్టుకోవద్దు."

ఆయన మొహం వెలిగింది. వెనక నిలబడ్డ ఆడవాళ్లు తలలూపారు. శిబిరం డాక్టరు గారు కుర్చీలోంచి తొంగిచూసి, "భలే చెప్పినావయ్యా, జనానికి ఇట్ల చెప్పాల," అన్నారు. ఇంకేముంది, నాకు కొమ్ములొచ్చాయి. ఆ సాయంత్రందాకా వచ్చినవాళ్లందరికీ చీరకొకటి, చీరకొకటి అని పాటలాగా చెప్పాను. ఆ సంబరంలో ఎనిమిది అయిపోతే ఆపేయాలన్న మాట ఎంతమందికి చెప్పానో, ఎంతమందికి మింగేశానో నాకే తెలియదు. ఆ పెద్దాయనకైతే చెప్పలేదు.

మా నర్సు మాత్రం నవ్వలేదు. ఆమె కదిరి మనిషి, మాట కత్తెర. సామాన్లు సర్దుకుంటూ, "అన్నా, చీర ఎనిమిది దినాలకే దిగుతాదని రాసిచ్చినారా నీకు?" అంది. "మగ్గం మగ్గమే గదమ్మా, రెక్కలొస్తాయా," అన్నాను.

రిటైర్మెంటు ఐదు నెలలుందనగా ఒక పొద్దున ఆ పెద్దాయన కొడుకు ఫోన్ చేశాడు. శిబిరంలో నా నంబరు రాసిచ్చి ఉన్నాను. నాయనకు బాగలేదని, హిందూపురంలో అక్క ఇల్లు ఉంటే ఆడికి తీసుకొచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చామని, డాక్టరుతో మాట్లాడటానికి తెలిసినోళ్లు ఎవరూ లేరని చెప్పాడు. "మీరొకసారి వచ్చి మాట్లాడండి సార్, మీ మాటైతే ఇంటారు," అన్నాడు. ఇలాంటివి నాకు అలవాటే. సెలవు పెట్టి పెద్దమనిషిలాగా బస్సెక్కాను. నిజం చెప్పాలంటే ఇలా పిలిపించుకోవడం నాకు ఇష్టం కూడా.

ఆసుపత్రి గేటు దగ్గర కొడుకు నిలబడి ఉన్నాడు. నడుస్తూనే చెప్పుకొచ్చాడు. నెల కిందట దాహం మొదలైందట. బిందెడు నీళ్లు తాగినా తీరదు. మాటిమాటికి ఒంటికి పోతాడు. అన్నం సయించదు, విరేచనం కాదు, తాగిన నీళ్లూ కక్కుతాడు. నాలుగు రోజులుగా మనుషుల్ని పోల్చుకోవడంలో తడబడుతున్నాడు. నిన్నటినుంచి గుండె ఒక దెబ్బ కొట్టి ఒక దెబ్బ మానేస్తోంది. డాక్టరు స్టెంటు మూసుకుపోయిందేమో అంటున్నాడు.

"బాగైతాడనుకుంటిమి సార్. మూడు నెలల కిందట కరెంటు మరమగ్గం పెట్టినాం, నాయనకు పని గూడా తగ్గిపాయె. మందులన్నీ టయానికి ఏసుకుంటాండాడు. మీరిచ్చిన పొడైతే ఒక్కదినం గూడా తప్పీలేదు."

నేను ఆగిపోయాను. "ఒక్కదినం గూడానా? అది దినమూ తాగేది కాదు గదప్పా."

"చీర కోసినప్పుడే సార్, మీరు చెప్పినట్లే. మరమగ్గం మీద దినానికొకటి దిగుతాది గదా. ఒకోసారి రెండు. క్యాంపులో ఇచ్చినవి అయిపోతే మెడికల్ షాపులో అవే తెచ్చి ఇస్తాండాం. గుండెకు మంచిదని మీరు చెప్పినారని చానా నమ్మకం నాయనకు."

వారానికొకటి తాగవలసిన అరవై వేల యూనిట్లు ఆ మనిషి మూడు నెలలుగా రోజూ తాగుతున్నాడు. విటమిన్ డి కడుపులోని కాల్షియాన్ని పట్టి రక్తంలోకి లాగుతుంది. మోతాదు మించిందంటే రక్తంలో కాల్షియం పొంగుతుంది. దాహం, వాంతులు, మతిమరుపు, అన్నీ దాని గుర్తులే. ఆ తర్వాత మూత్రపిండాలు, ఆ తర్వాత గుండె లయ. ఎప్పుడో చదివిన పాఠం ఒక్కో వరుసా ఆ కుర్రాడి నోట వింటున్నాను. ఇది ఒకరోజు నీళ్లు తాగితే పోయే మందు కూడా కాదు, కొవ్వులో దాగి నెలల తరబడి ఉంటుంది.

"డాక్టరుకు ఈ పొడి సంగతి చెప్పినారా?" అని అడిగాను.

"అది మందు కాదు గద సార్, బలం పొడి. గుండె మాత్రలన్నీ చూపిచ్చినాం," అని, స్కానింగు కాగితాలు తేవాలని అతను అటు వెళ్లాడు.

లోపల పెద్దాయన మంచం మీద సగం మూసిన కళ్లతో ఉన్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి. పక్కన ఆయన భార్య. గోడకున్న మిషను మీద గుండె గీతలు పోతున్నాయి. మూడు సరిగ్గా వచ్చి నాలుగోది ముందే దూకుతోంది, ఆ తర్వాత ఒక ఖాళీ. డాక్టరు నా కొడుకు వయసువాడు. కేసు షీటు పట్టుకుని వచ్చి, పెద్దాయన మీదికి ఒంగి అడిగాడు.

"తాతా, ఈ మాత్రలు కాకుండా ఇంకేమైనా వాడుతున్నావా? నాటు మందులు, పొడులు, ఏమైనా?"

పెద్దాయన కళ్లు తెరిచి నావైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"ఏం లేదప్పా."

భార్య ఏదో అనబోయి ఊరుకుంది. డాక్టరు షీటు మీద రాసుకున్నాడు. పిల్లలూ, ఆ క్షణంలో నాకు కలిగింది దుఃఖం కాదు, జాలి కాదు. హమ్మయ్య అనిపించింది. మనిషికి మతి సరిగా లేదు, బతికిపోయాను అనుకున్నాను. డాక్టరు నన్ను మీరెవరని అడిగితే, తెలిసినవాణ్ణి అని చెప్పి బయటపడ్డాను.

బయటికైతే వచ్చాను గానీ భయం నాతోనే వచ్చింది. ఛార్జిమెమో, విచారణ, ఆగిపోయే పెన్షను, పేపర్లో జిల్లా పేజీలో నా ఫోటో, అన్నీ వరసగా కళ్లముందుకొచ్చాయి. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? డాక్టరు చిన్నవాడైనా చదువుకున్నవాడు, రేపోమాపో తనే కనుక్కుంటాడు. ఇలా నాకు నేనే వకీలునై వాదించుకున్నాను. ఎంత వాదించినా ఆ నాలుగో గీత తర్వాతి ఖాళీ కళ్లలోంచి పోవడం లేదు. చివరికి మా నర్సుకు ఫోన్ చేశాను. నోరు మూసుకుని వచ్చేయమంటుందేమో, ఒక మనిషి తోడుంటే పాపం సగమవుతుందేమో అని ఆశ.

"యాడుండావన్నా?" అంది.

"ఆసుపత్రి గేటు కాడ."

అంతా చెప్పాను. నాకు రిటైర్మెంటుకు ఐదు నెలలే ఉండాయమ్మా అని కూడా అన్నాను. ఆమె వింది.

"ఇదంతా ఎవురికి చెప్పినావు?"

"నీకే మొదుట."

"నాకు చెప్తే ఆయప్ప బతుకుతాడా? లోపలికి పో అన్నా," అని ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత కూడా కొంతసేపు కాళ్లు కదల్లేదు. కదిలి ఆసుపత్రికి చేరేసరికి, మందుల కిటికీ దగ్గర పెద్దాయన భార్య చీటీ పట్టుకుని వరసలో నిలబడి ఉంది. నన్ను చూసి, "ఏం మందులో చూడు సార్, నాకు చదువు రాదు," అని చేతికిచ్చింది. చీటీ జూనియర్ డాక్టరెవరో రాసినట్టుంది. శిబిరంలో ఇచ్చిన పాత రిపోర్టు ఫైల్లో ఉంది కదా, విటమిన్ డి తక్కువని చూసి, నీరసానికి పనికొస్తుందని రాశాడు. కాల్షియం మాత్రలు, రోజుకు రెండు. కింద అదే పొడి ప్యాకెట్టు.

అప్పటిదాకా నా మౌనం మౌనమే. ఈ చీటీ కిటికీ దాటిందంటే అది విషం. "ఇది కొనొద్దమ్మా, ఏమీ కొనొద్దు," అని చీటీతోపాటే లోపలికి పరుగెత్తాను. అరవైకి దగ్గరపడ్డ మనిషి పరుగెడుతుంటే వరండాలో అందరూ తప్పుకున్నారు.

డాక్టరు ముందు నిలబడి చెప్పాను. నేను ఫార్మసిస్టునని, ఈ పొడి నేనే ఇచ్చానని, చీరకొకటి తాగమని నేనే చెప్పానని, మరమగ్గం వచ్చిందని. అతనికి మరమగ్గం సంగతి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచాడు. ముందు వార్డు నర్సును పిలిచి కాల్షియం పరీక్షకు రక్తం పంపించాడు, సెలైను పెంచమన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"నేనడిగినప్పుడు మీరిక్కడే ఉన్నారు కదా."

"ఉన్నాను సార్."

"రెండు గంటలైంది."

అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

రిపోర్టు వచ్చింది. నా సర్వీసులో ఏ రిపోర్టులోనూ అంత కాల్షియం చూడలేదు. పొద్దువాలే వేళకు పెద్దాయన గుండె లయ పూర్తిగా తప్పింది. తెర లాగేశారు. తెర కింద నుంచి నలుగురైదుగురి కాళ్లు అటూ ఇటూ తిరగడం కనిపిస్తోంది, మిషను ఆగకుండా కూస్తోంది. వరండాలో ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "నువ్వుండావు గాబట్టి ధైర్నంగా ఉండాది సార్," అంది. చెయ్యి విడిపించుకోలేక, విడిపించుకోకుండా ఉండలేక నిలబడ్డాను. దేవుడా, ఈ మనిషిని బతికించు, నన్నేమైనా చెయ్యి అని మొక్కుకున్నాను. చెబితే నమ్మరు, అందులో కూడా నన్నేమైనా అన్నచోట కాస్త తడబడ్డాను.

బతికాడు. తెర తీసేసరికి గీతలు వంకరగానైనా వరసగా వస్తున్నాయి. కాల్షియం దిగిరావడానికి మూడు వారాలు పట్టింది. మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నాయి, గుండె మునుపటంత బలంగా లేదు. స్టెంటు మాత్రం తెరిచే ఉందట.

ఆయన గండం గడిచిన మరుసటి రోజే నేనూ మా నర్సూ ధర్మవరం కాలనీకి పోయాం. ఇంటింటికీ తిరిగి ఎన్ని ప్యాకెట్లు తాగారని అడిగాం. ఏ ఇంట్లోంచి మరమగ్గం టకటక వినిపిస్తే ఆ ఇంటికి ముందు పరుగెత్తాను. అలాంటివి మూడు ఇళ్లు దొరికాయి. అందులో ఒకామె పదిహేను రోజులుగా రోజూ తాగుతోంది. ఆమెకు ఇంకా దాహమే మొదలైంది, వాంతులు రాలేదు. వెంటనే ఆసుపత్రికి పంపాం, కుదుటపడింది. నర్సు దారిపొడుగునా నన్ను ఒక్క మాట అనలేదు. మగ్గానికి రెక్కలొచ్చాయని ఎత్తిపొడవడానికి ఆమెకు ఎంత సందుందో నాకు తెలుసు.

పైవాళ్లకు నేనే రాసి పంపించాను. మెమో వచ్చింది, విచారణ జరిగింది, హెచ్చరికతో వదిలేశారు. నేను అంతగా భయపడిన ఛార్జిమెమో ఒక పేజీ కాగితం. దాన్ని మడిచి బీరువాలో పెట్టాను.

రిటైరవడానికి నెలముందు పెద్దాయనను చూడటానికి వాళ్లింటికి పోయాను. చిక్కిపోయాడు గానీ మాట స్పష్టంగా ఉంది. కొడుకు మరమగ్గం ఆపి నాకు కూర్చోవడానికి చోటు చేశాడు. చేసిన తప్పు చెప్పుకుని చేతులు పట్టుకున్నాను. ఆయన వదిలేయమన్నట్టు తల తిప్పాడు. మనసులో మెదులుతున్నది అడిగేశాను.

"ఆ దినం డాక్టరు అడిగితే ఏం లేదంటివే, మతి సరిగ లేకనేనా?"

ఆయన భార్య అందుకుంది. "మతి బాగనే ఉండె సార్ ఆ పొద్దు. నేను చెప్పబోతే దుప్పటికింద నా చెయ్యి గిల్లినాడు."

"నీ మొగం చూసినా సార్," అన్నాడాయన. "సున్నం కొట్టినట్ల తెల్లగైపోయిండె. ఈయప్ప ఉద్యోగానికేదో ముప్పుండాది, మనం నోరు జారితే పాపం అనుకున్యా."

"సచ్చిపోతాంటివి గదప్పా."

"నాకేం తెలుసు సచ్చిపోతాండానని? తెలిసినోడివి నువ్వు. చెప్పాల్సింది ఉంటే నువ్వే చెప్తావు, ఆడనే ఉండావు గదా అని ఊరుకున్యా."

ఆయన భార్య టీ తెచ్చింది. తాగాను. ఒక్క సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. నర్సుతో ఆసుపత్రి గేటు దగ్గరున్నానని చెప్పింది అబద్ధం. ఆ ఫోన్ హిందూపురం స్టేషన్‌లో ప్లాట్‌ఫారం బెంచీ మీద నుంచి చేశాను. పెనుకొండకు కొన్న టికెట్టు జేబులో ఉంది. ఆ రైలు ఆరోజు లేటు. వేళకు వచ్చి ఉంటే ఎక్కేసేవాణ్ణి.